గేమ్ పత్రిక అట్ట మీ పిల్లలే వేయాలి, ఎందుకంటే...



ఈ టర్మ్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇచ్చిన ఆర్ట్ ప్రాజెక్టు చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయారు. కొందరికి కోపం కూడా వచ్చింది. ప్రాజెక్టు ఇది: ఒక వీడియో గేమ్ పత్రికకు ముఖచిత్రం తయారు చేయాలి, ఆ అట్ట మీద పెట్టిన ప్రతి గుర్తూ ఎందుకు పెట్టారో ఒక పేజీలో రాయాలి. "ఇంట్లో ఫోన్ లాక్కోలేక మేం చస్తుంటే, స్కూల్లో మీరే గేమ్స్ బొమ్మలు వేయమంటున్నారా?" అని ఒక అమ్మ అడిగారు. "ఈ రెండు వారాలు మ్యాథ్స్ వర్క్‌షీట్లు ఇచ్చి ఉంటే ఫౌండేషన్‌కి పనికొచ్చేది కదా మేడమ్" అన్నారు ఒక నాన్నగారు. ఫీజు కడుతున్నవాళ్లు అడగడంలో తప్పు లేదు. నా జవాబు కాస్త పొడుగు కాబట్టి గేటు దగ్గర నిలబడి చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మన బ్రాంచి ఉన్నది మెట్టుగూడలో. ఒక పక్క రైల్వే క్వార్టర్లు, ఇంకో పక్క లాలాగూడ వర్క్‌షాప్, కాస్త ముందుకు వెళ్తే రైల్ నిలయం. మన పిల్లల్లో చాలామందికి తాతయ్యో, పెదనాన్నో రైల్వేలో పనిచేసినవాళ్లే. వాళ్లని ఒక మాట అడగండి: రైలు చివరి పెట్టె వెనక పసుపు రంగులో పెద్ద ఇంటూ గుర్తు ఎందుకు ఉంటుంది? స్టేషన్లో నిలబడ్డ ఉద్యోగికి అది "బండి మొత్తం వచ్చేసింది, మధ్యలో ఏ పెట్టే తెగి ఉండిపోలేదు" అని చెబుతుంది. ఆ గుర్తు లేకుండా రైలు వెళ్లిపోతే వెంటనే కబురు వెళ్లాలి. లెక్కల పుస్తకంలో అదే గుర్తు గుణకారం. పిల్లవాడి నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో కనిపిస్తే తప్పు. గీతలు అవే రెండు, అర్థం మాత్రం చూసేవాడికీ చూపించేవాడికీ మధ్య ఉన్న ఒప్పందంలో ఉంటుంది.

ఆ ఒప్పందాలను చదివే విద్యనే సెమియాటిక్స్ అంటారు. తెలుగులో సంకేతశాస్త్రం అనుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో సొస్యూర్ అనే భాషాశాస్త్రవేత్త తరగతిలో చెప్పిన పాఠాలను ఆయన పోయాక 1916లో పుస్తకంగా వేశారు. ఈ చదువుకు పునాది వేసినవాటిలో ఆ పుస్తకం ఒకటి. కనిపించే గుర్తు వేరు, అది మనసులో లేపే భావం వేరు, ఆ రెంటినీ కలిపేది అలవాటు అని ఆయన చెప్పారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో పర్స్ అనే తత్వవేత్త గుర్తులను మూడు రకాలుగా చూశారు. పోలికతో చెప్పేవి, అంటే ఫోటో లాంటివి. సంబంధంతో చెప్పేవి, అంటే పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలియడం లాంటివి. కేవలం ఒప్పందంతో చెప్పేవి, అంటే అక్షరాలు, సిగ్నళ్లు.

పొగ, నిప్పు అనగానే మీలో సంస్కృతం చదివినవాళ్లకు నవ్వు రావాలి. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది అనేది మన తర్కశాస్త్రంలో మొదటి పాఠం. కాశ్మీరుకు చెందిన ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే ధ్వని గురించి ఒక పెద్ద గ్రంథం రాశాడు. అలంకారశాస్త్రంలో ఒక పాత ఉదాహరణ ఉంది: "గంగ మీద గొల్లపల్లె". నది మీద ఊరు ఉండదు కాబట్టి ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. మరి ఒడ్డున అని నేరుగా అనకుండా గంగ మీద అని ఎందుకన్నారు? ఆ చల్లదనం, ఆ పవిత్రత కూడా వినేవాడికి తగలాలని. ఉన్న మాట, దాని వెనక మాట, ఆ వెనక మోగే మాట. పత్రిక అట్ట కూడా ఈ మూడు మెట్లలోనే మాట్లాడుతుంది. ఇది విదేశీ ఫ్యాషన్ చదువు అనుకునేవాళ్ల కోసం ఈ పేరా.

సరే, దీనికి వీడియో గేమ్ పత్రికే ఎందుకు? పంచతంత్రం అట్ట వేయించవచ్చు కదా? వేయించవచ్చు. కానీ పిల్లలు రోజూ కొట్టుకుపోతున్నది ఏ గుర్తుల ప్రవాహంలోనో అక్కడే ఈత నేర్పాలని నా అభిప్రాయం. పైగా గేమ్ పత్రిక అట్టకు ఒక చిక్కు ఉంది. సినిమా పత్రికకు హీరో ముఖం దొరుకుతుంది. ఆటకు ముఖం ఉండదు. తెర మీద కనిపించేది ఒకప్పుడు నాలుగు చుక్కలు, ఇప్పుడు కదిలే బొమ్మలు. ఆడితే గానీ తెలియని అనుభవాన్ని కదలని ఒక్క కాగితం మీద చెప్పాలి. అందుకే ఆ అట్టలో ప్రతి గుర్తూ గట్టిగా పనిచేయాల్సి వస్తుంది.

టెట్రిస్ ఆట మీలో చాలామంది ఆడి ఉంటారు. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, వరసలు పేర్చాలి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేశారు. అందులో మనుషులు లేరు, కథ లేదు, ఊరు లేదు. మరి దాని డబ్బా మీద ఏం బొమ్మ వేస్తారు? అమెరికాలో అమ్మినవాళ్లు మాస్కోలోని సెయింట్ బేసిల్ చర్చి గుమ్మటాలు వేశారు. ఆటకూ ఆ గుమ్మటాలకూ ఏ సంబంధమూ లేదు. కానీ అప్పటి అమెరికన్‌కు రష్యా అంటే భయం, కుతూహలం రెండూ ఉన్నాయి. గుమ్మటాలు అమ్మింది ఆ కుతూహలాన్ని. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో ఒక సేమ్యా లాంటి సరుకు ప్రకటన తీసుకుని ఇదే పని చేసి చూపించారు. వల సంచిలోంచి టమాటాలు, ఉల్లిపాయలు, ప్యాకెట్లు బయటికి దొర్లుతుంటాయి. సరుకు తయారైంది ఫ్రాన్స్‌లో, కానీ ఆ పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు చూసేవాడికి "ఇటలీ" అని వినిపిస్తాయి. వల సంచి "ఇప్పుడే బజారు నుంచి తెచ్చిన తాజా సరుకు" అంటుంది. మోండా మార్కెట్ నుంచి కూరల సంచి మోసుకొచ్చిన మనకు ఆ రెండో మాట ఎవరూ వివరించక్కర్లేదు.

కిర్బీ అనే ఇంకో ఆట ఉంది. 1992 నుంచి వస్తోంది. గులాబీ రంగు బంతి లాంటి బొమ్మ, చిన్న చేతులు, చిన్న కాళ్లు. జపాన్‌లో ఆ ఆటల అట్టల మీద కిర్బీ హాయిగా నవ్వుతుంటుంది. అమెరికాకు వెళ్లేసరికి చాలా అట్టల మీద అదే బొమ్మకు కనుబొమలు వంచి కోపం తెప్పించారు. మిగతా రూపమంతా అదే. ఒక్క కనుబొమ గీత మార్చితే "ముద్దుగా ఉంది" అన్నది "పోరాటానికి సిద్ధం" అయిపోయింది. అమెరికా మగపిల్లలు ముద్దు బొమ్మను కొనరని అమ్మేవాళ్ల లెక్క. పిల్లలకు ఈ రెండు అట్టలూ పక్కపక్కన చూపిస్తే తరగతి గదిలో ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడతారు.

తల్లిదండ్రులకు సంబంధించిన ఉదాహరణ ఇంకా ఘాటుగా ఉంటుంది. నింటెండో కంపెనీ 1988లో అమెరికాలో 'నింటెండో పవర్' అనే పత్రిక మొదలుపెట్టింది. మొదటి సంచిక అట్ట మీద మట్టితో చేసినట్టు ముద్దుగా ఉన్న మారియో బొమ్మ. రెండో సంచికకు 'క్యాసిల్వేనియా' రెండో భాగం తీసుకున్నారు. వేషం వేసిన ఒక మనిషి ఫోటో తీసి, అతని చేతిలో తెగిన డ్రాక్యులా తల పెట్టారు. పిల్లలకు పీడకలలు వస్తున్నాయని తల్లిదండ్రులు కంపెనీకి ఫోన్లు చేశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆటలో కూడా డ్రాక్యులాతో యుద్ధం ఉంది, కానీ అక్కడ అది చుక్కల బొమ్మ. అట్ట మీదికి వచ్చేసరికి అది ఫోటో అయింది. పోలిక పెరిగితే భయం పెరుగుతుంది. ఫోన్లు చేసిన ఆ అమ్మానాన్నలు సంకేతశాస్త్రం చదివినవాళ్లు కారు, అయినా అట్టను సరిగ్గానే చదివారు. మన పిల్లలకు నేర్పాలనుకుంటున్నది ఆ చూపునే. "ఇది నాకు నచ్చలేదు" దగ్గర ఆగిపోకుండా "ఇందులో ఏ గుర్తు నన్ను భయపెట్టింది, దాన్ని ఎందుకు పెట్టారు" దాకా వెళ్లగలగాలి.

మన దగ్గరా గేమింగ్ పత్రికలు వచ్చాయి. 'డిజిట్' పత్రిక కొన్నవాళ్లకు 'స్కోర్' గుర్తుండే ఉంటుంది. తెలుగులో అలాంటిదేమీ లేదు. అయినా తెలుగు పిల్లల పత్రికకు ముఖచిత్రం అనే కళ మనకు కొత్త కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ' మొదలుపెట్టారు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య, అంటే మన వపా, దానికి వేసిన అట్టలు ఇప్పటికీ కొందరి ఇళ్లలో ఫ్రేముల్లో ఉన్నాయి. అదే పత్రికలో శంకర్ గారి బేతాళ కథల బొమ్మ ఉంది. చేతిలో కత్తి, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం, నడిచిపోతున్న రాజు. ఆ ఒక్క బొమ్మ చూస్తే చాలు, అక్షరం చదవకముందే కథలోకి వెళ్లిపోయేవాళ్లం.

నా మాట నమ్మండి, అంతకంటే మంచి వీడియో గేమ్ అట్ట నేను చూడలేదు. ఆలోచించండి, బేతాళ కథే ఒక ఆట. నియమం ఒకటి ఉంది: మౌనం వీడకూడదు. ఇంకో నియమం దానికి అడ్డం పడుతుంది: జవాబు తెలిసి చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది. రాజు జవాబు చెబుతాడు, మౌనం పోతుంది, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆట మొదటికొస్తుంది. ఇవన్నీ ఆ బొమ్మలో ఉన్నాయి. శవం బరువు వంగిన భుజంలో ఉంది. కత్తి ఉంది గానీ కొట్టడానికి ఎదురుగా శత్రువు లేడు. అంటే ఇది కత్తితో గెలిచే ఆట కాదని బొమ్మే చెప్పేస్తోంది.

అందుకే తరగతిలో దీన్నే నమూనాగా తీసుకున్నాం. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మీరు ఇంట్లో కూడా చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక గుర్తును తీసేసి దాని స్థానంలో ఇంకోటి పెట్టి, అర్థం మారిందా లేదా చూడాలి. మారితే ఆ గుర్తు పనిచేస్తున్నట్టు. మారకపోతే అది అలంకారం, తీసేయవచ్చు. రాజు ముందుకు చూస్తున్నాడు. మన వైపు చూసేలా మార్చండి. వెంటనే "నా కథ చూడు" అన్నది "నువ్వు వస్తావా?" అవుతుంది. పత్రికలవాళ్లు అట్ట మీది మనిషిని మన కళ్లలోకి చూసేలా పెట్టేది అందుకే. రాత్రి నీలాన్ని ఎరుపుగా మార్చండి. శ్మశానం యుద్ధభూమి అవుతుంది. కత్తి తీసేసి చేతిలో లాంతరు పెట్టండి. ఇప్పుడిది వెతుకులాట. శవాన్ని తీసేసి స్కూల్ బ్యాగు పెట్టమని ఒక అబ్బాయి అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కానీ ఆ జోకులో మనకూ ఒక మాట ఉందనుకోండి.

మొదటి చిత్తు ప్రతుల్లో నాకు కనిపించినవి చెప్పాలి. నూటికి తొంభై అట్టల మీద కండలు తిరిగిన మగవాడు, చేతిలో తుపాకీ, వెనక మంటలు. ఆడపిల్లలు వేసినవాటిలోనూ అంతే. "నీ అట్టలో నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగితే ఒక అమ్మాయి కాసేపు ఆలోచించి "గేమ్ కవర్ అంటే అలాగే ఉండాలి కదా టీచర్" అంది. ఆ "అలాగే ఉండాలి కదా" అన్నదే అలవాటు చేసిన ఒప్పందం. దాన్ని బయటికి లాగడానికి రుద్రమదేవిని తీసుకొచ్చాను. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. సింహాసనం మీద కూర్చున్నది ఆడపిల్లే, కానీ లోకం ఒప్పుకునే గుర్తు మహారాజు కాబట్టి ఆ పేరు పెట్టుకుంది. మరి 13వ శతాబ్దపు రాణికి తప్పని ఆ పని నీ అట్టకు ఇప్పుడు అవసరమా? రెండో చిత్తు ప్రతిలో ఆ అమ్మాయి గుర్రం మీద ఉన్న మనిషిని వెనక నుంచి గీసింది. ముఖం కనబడదు, జడ కనబడుతుంది. ఆ జడ గీతకు నేను పూర్తి మార్కులు వేశాను.

అక్షరాల సంగతి. ఒక్కరంటే ఒక్కరు కూడా పత్రిక పేరు తెలుగులో పెట్టలేదు. అడిగితే "తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, స్పీడు రాదు" అన్నారు. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ మన సినిమా పోస్టర్ల మీద టైటిళ్లు చూడండి. అవే గుండ్రటి అక్షరాలను వాల్చి, చీల్చి, తలకట్టును కత్తిలా సాగదీసి ఎంత వేగం తెప్పిస్తారో! అదే తెలుగును బాపు గారు రాస్తే గోదావరి ఒడ్డున కూర్చున్నట్టు ఉంటుంది. ఆ చేతిరాత ఇప్పుడు కంప్యూటర్లో ఫాంటుగా కూడా ఉంది. వేగం లిపిలో లేదు, గీసిన చేతిలో ఉంది. ఇంగ్లిష్ అంటే కొత్త, తెలుగు అంటే పాత అనేది కూడా ఒక గుర్తే. ఆ గుర్తును పిల్లల మనసులో ఎవరు పెట్టారో నేను చెప్పను. ఫీజు రసీదు, డైరీ, నోటీసు బోర్డు ఏ భాషలో ఉన్నాయో మనందరికీ తెలుసు. ఈ పత్రిక రెండు భాషల్లో వస్తున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

ఇప్పుడు అసలు విన్నపం. దయచేసి ఈ ప్రాజెక్టును డీటీపీ సెంటర్‌కు ఇవ్వకండి. మన రోడ్డులో ఉన్న జిరాక్స్ షాపులో అడిగితే పావుగంటలో నిగనిగలాడే కలర్ ప్రింటు వస్తుంది. ఆ షాపువాళ్ల పని మీద నాకు గౌరవమే, కానీ మార్కులు వాళ్లకు వేయలేను కదా. ఏఐతో చేయించినవి కూడా వచ్చాయి. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. మధ్యలో వీరుడు, ఒక పక్క నారింజ వెలుగు, ఇంకో పక్క నీలం వెలుగు, కింద తెలుగు అనుకోదగిన, తెలుగు కాని అక్షరాలు. లోకంలో ఉన్న అట్టలన్నింటి సగటు అది. ఆ నారింజ రంగు ఎందుకు అని అడిగితే పిల్లవాడి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆ నిర్ణయం వాడు తీసుకోలేదు. వంకర గీత ఫర్వాలేదు. స్కెచ్ పెన్ను దాటిపోయినా ఫర్వాలేదు. సగం మార్కులు బొమ్మకు కావు, వివరణ పేజీకి.

దీనితో ఏం వస్తుంది అన్న ప్రశ్నకు వద్దాం. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలు ఉన్నాయి, దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు ఇక్కడ కూడా జరిగింది, డిజైన్ చదువులకు ప్రవేశ పరీక్షలు ఉన్నాయి అని చెప్పి మిమ్మల్ని ఒప్పించవచ్చు. అవి నిజాలే. కానీ నా కారణం అది కాదు. మీ పిల్లల ఫోన్‌లో మెరిసే ప్రతి బటనూ ఎవరో ఆలోచించి పెట్టిన గుర్తు. "ఉచితం" అని ఊగే బంగారు పెట్టె, "ఇంకా రెండు నిమిషాలే" అనే ఎర్ర గడియారం, ఓడిపోగానే కన్నీళ్లు పెట్టుకునే ముద్దు బొమ్మ. వాటి ముందు పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటాడు. మనం ఎంత సేపని పక్కన ఉంటాం? అట్ట తయారు చేసిన పిల్లవాడికి "ఈ ఎరుపు నన్ను తొందరపెట్టడానికి" అని తెలుస్తుంది. తెలిసినా నొక్కుతాడేమో, నేను హామీ ఇవ్వను. తెలియకుండా నొక్కడం కన్నా అది మేలు.

మీకు వెంటనే పనికొచ్చే సంగతి ఒకటి. యూరప్‌లో అమ్మే ఆటల డబ్బాల మీద వయసు చెప్పే చిన్న పెట్టె ఉంటుంది. 3, 7 ఆకుపచ్చలో, 12, 16 నారింజలో, 18 ఎరుపులో. అచ్చం సిగ్నల్ లాగే. అమెరికాలో 1994 నుంచి అక్షరాలతో వయసు చెబుతున్నారు. ఫోన్ యాప్ స్టోర్లో కూడా ఆట పేరు కింద వయసు అంకె చిన్నగా ఉంటుంది. పెద్దగా కనబడాలనుకున్నది వీరుడి ముఖం, చిన్నగా ఉండాలనుకున్నది ఆ అంకె. పిల్లలకు ప్రాజెక్టులో ఆ పెట్టె తప్పనిసరి చేశాం. ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దగా పెట్టాలి అన్నది వాళ్ల ఇష్టం. నాలుగు పిడికిళ్లంత పెద్దగా పెట్టిన పిల్లవాడు ఒకడున్నాడు. వాళ్లమ్మ కోసమట.

ఇంత చెప్పాక ఒక మాట దాచడం బాగుండదు. ఫలితాల రోజున మనలాంటి స్కూళ్లన్నీ కట్టే ఫ్లెక్సీ కూడా ఒక అట్టే. పాస్‌పోర్ట్ ఫోటోల వరసలు, ప్రతి ముఖం కింద అంకె, పైన ఎర్ర అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని కూడా చదివారు. "ఇందులో ఎవరూ నవ్వట్లేదు, అందరూ ఒకేలా ఉన్నారు, పేరు కన్నా ర్యాంకు పెద్దగా ఉంది" అని రాశారు. ఆ పేజీని ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన చదివి, చాలాసేపు చూసి, ఫోటోకాపీ ఒకటి తీసి ఇమ్మన్నారు.

ముఖచిత్రాలు వచ్చే పీటీఎం రోజున మొదటి అంతస్తు వరండాలో పెడతాం. ప్రోగ్రెస్ కార్డు కోసం క్యూలో నిలబడేలోపు పది నిమిషాలు అటు రండి. "ఎన్ని మార్కులు వచ్చాయి" అని కాకుండా, అట్ట మీద ఏదో ఒక వస్తువు మీద వేలు పెట్టి "ఇది తీసేస్తే ఏమవుతుంది నాన్నా?" అని మీ అమ్మాయినో అబ్బాయినో అడగండి. ఇంట్లో పాత చందమామలు, బాలమిత్రలు, స్వాతి సంచికలు అటక మీద ఉంటే ఆ రోజు పట్టుకురండి. అట్టలు చింపం, ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. పుస్తకం మీద మాత్రం పిల్లల పేరు, సెక్షన్ రాసి పంపండి.